పాలబండి పంపు ఫ్యూజు పోయినప్పుడు

(చేవెళ్ల, మొయినాబాద్ ప్రాంతపు పాల ఉత్పత్తిదారుల సంఘాల కార్యదర్శులు, పాలబండ్ల డ్రైవర్లు పాల్గొన్న శిక్షణ సమావేశంలో వాహనాల నిర్వహణపై చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో ఎప్పుడూ పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి, వెన్న శాతం గురించి మాట్లాడుకుంటాము. ఈ రోజు నాకు అప్పగించిన విషయం వాటి ముందు చాలా చిన్నది. వేలి గోరంత ఉంటుంది, ధర ఒక చాయ్ ఖరీదుకు మించదు. అదే ఫ్యూజు. బండిలో ఎన్నో ఫ్యూజులు ఉంటాయి గాని, నేను ముఖ్యంగా ఒక్కదాని గురించే చెప్తాను: ఇంజనుకు నూనె అందించే పంపుకు కరెంటు వెళ్లే ఫ్యూజు. హారన్ ఫ్యూజు పోతే బండి నడుస్తుంది, లోపలి దీపం ఫ్యూజు పోయినా నడుస్తుంది. ఇది పోతే మాత్రం ఉన్నచోటనే నిలిచిపోతుంది.

నిలిచిపోతే ఏమగునో మీకు నేను చెప్పనక్కరలేదు. ఒక లెక్క మాత్రం వేసి చూద్దాము. బండిలో 40 లీటర్ల క్యాన్లు ఇరవై ఉన్నాయనుకోండి. 800 లీటర్లు. అది ఏ ఒక్కరి పాలూ కాదు. ఒకామె రెండు లీటర్లు పోసింది, ఒకాయన అయిదు లీటర్లు పోశాడు. ఒకే బర్రె ఉన్న ఇంటివారు, తాగడానికి కూడా మిగుల్చుకోకుండా పోసినవారు అందులో ఉంటారు. రెండు మూడు వందల ఇండ్ల పొద్దుటి కష్టం ఆ బండి మీద ఉంటుంది. పితికిన పాలలో సహజంగా ఉండే నిరోధక శక్తి రెండు మూడు గంటలకు మించి నిలవదు. ఆ తరువాత, ఎండాకాలపు వేడిలో కొన్ని రకాల సూక్ష్మజీవులు అరగంటలోనే రెట్టింపవుతాయి. మంచి పాల ఆమ్లత్వం 0.13 నుండి 0.15 శాతం దాకా ఉంటుంది. అది 0.20 దగ్గరకు వస్తే కాచినప్పుడు విరిగే పరిస్థితి. శీతలీకరణ కేంద్రంలో ఆ క్యాను మూత తీయగానే వాసన పట్టే మనిషి తల అడ్డంగా ఊపుతాడు. ఊరిలో పాలు తీసుకొనేటప్పుడు అవి మంచి పాలే. మార్గమధ్యంలో చెడినవి.

కావున మనకు ఫ్యూజు గురించి తెలియాలి. కార్యదర్శులకు కూడా తెలియాలి. "అది డ్రైవరు పని" అని అనుకోవద్దు. ఎందుకో కొంచెం సేపట్లో చెప్తాను.

ముందుగా మీ బండి ఏ రకమో తెలుసుకోండి. అన్ని పాత బండ్లకు కరెంటు పంపు ఉండదు. ఈ సంగతి తెలియక లేని ఫ్యూజును గంటసేపు వెతికినవారిని చూశాను. 1980లలో జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్ బండ్లు, 1986లో వచ్చిన టాటా 407 మొదటి బండ్లు, ఆ కాలపు డీజిల్ లారీలు, వీటిలో నూనెను లాగే పంపును ఇంజనే తిప్పుతుంది. మైకో పంపు అని మనవాళ్లు పిలిచే పెద్ద పంపుకు కరెంటుతో పనిలేదు. లాగే తీగతో ఇంజను ఆపే బండి అయితే ఒకసారి స్టార్టు అయ్యాక బ్యాటరీ తీసివేసినా ఇంజను నడుస్తుంది. అటువంటి బండి నడుస్తూ నడుస్తూ ఆగిపోతే ఫ్యూజు పెట్టె జోలికి పోకండి. నూనె పైపులో గాలి చేరిందా, ఫిల్టరు మూసుకున్నదా చూడండి.

రెండవ రకం, రోటరీ పంపు ఉన్న డీజిల్ బండ్లు. వీటిలో పంపును ఇంజనే తిప్పుతుంది గాని, పంపు మీద డీజిలును ఆపే కట్ఆఫ్ సొలినాయిడు ఒకటి ఉంటుంది. తాళంచెవి తిప్పగానే దానికి కరెంటు అంది, దారి తెరుచుకుంటుంది. కరెంటు పోతే దారి మూసుకుంటుంది, తాళంచెవి తీసినట్లుగానే ఇంజను ఆగుతుంది. పంపు ఫ్యూజు అని మన డ్రైవర్లు చెప్పేది చాలాసార్లు ఈ సొలినాయిడు ఫ్యూజే.

మూడవది, ఈమధ్య ఊళ్లలో పాల క్యాన్లు మోస్తున్న చిన్న పెట్రోలు బండ్లు, గ్యాసుతోను పెట్రోలుతోను నడిచే బండ్లు. వీటిలో పంపు ట్యాంకు లోపలే, పెట్రోలులో మునిగి ఉంటుంది. దానిని తిప్పేది పూర్తిగా కరెంటే. కొత్త డీజిల్ బండ్లలో కూడా కొన్నింటికి ట్యాంకు నుండి నూనె పంపే కరెంటు పంపు ఉన్నది. మీ బండి సంగతి దాని పుస్తకంలో ఉంటుంది. పుస్తకం పోయినా ఫ్యూజు పెట్టె మూత లోపలివైపు బొమ్మ ఉంటుంది. ఆ బొమ్మను ఈ రోజే, బండి బాగున్నప్పుడే, సెల్‌ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. చీకట్లో, వానలో, వెనుక లారీలు హారన్ కొడుతుండగా ఆ చిన్న అక్షరాలు చదవడం ఎవరివల్లా కాదు.

ఇక గుర్తులు. బండి నడుస్తూ ఒక్కసారిగా శక్తి పోయి ఆగిపోతుంది. మళ్లీ తిప్పితే స్టార్టరు బాగానే తిరుగుతుంది, హెడ్‌లైట్లు బాగానే వెలుగుతాయి, ఇంజను మాత్రం అందుకోదు. అనగా బ్యాటరీ తప్పు లేదు. పెట్రోలు బండిలో తాళంచెవి మొదటి మెట్టు తిప్పగానే వెనుక ట్యాంకు వైపు నుండి రెండు సెకన్లపాటు సన్నగా గుయ్యిమని శబ్దం వస్తుంది. మంచిగా ఉన్నప్పుడు ఆ శబ్దం వినడం అలవాటు చేసుకోండి. అది వినపడకపోతే అనుమానం ఫ్యూజు మీద, రిలే మీద, పంపు మీద. సొలినాయిడు బండిలో అయితే తాళంచెవి తిప్పినప్పుడు పంపు దగ్గర టక్కుమని ఒక చిన్న చప్పుడు వినపడాలి. కొందరు డ్రైవర్లకు ఈ చప్పుళ్లన్నీ తెలుసు. వాటికి పేర్లు పెట్టలేరు గాని చెవికి తెలుసు. అటువంటి డ్రైవరు ఉన్న సంఘం అదృష్టం చేసుకున్నది.

ఫ్యూజు చూసే ముందు తాళంచెవి తీయండి. పెట్రోలు వాసన వస్తున్నదా చూడండి. వాసన వస్తుంటే ఇంక ఏ పరీక్షా వద్దు; బండి దగ్గరనుండి దూరంగా జరిగి మేస్త్రిని పిలవండి. వాసన లేకపోతే ఫ్యూజును పెట్టెలోనే ఉండే ప్లాస్టిక్ చిమటాతో నేరుగా పైకి లాగండి. స్క్రూడ్రైవరుతో పెకలించవద్దు, పక్క కాళ్లు తగిలి కొత్త షార్టు వస్తుంది.

తీసిన ఫ్యూజును పారవేయకండి. వెలుతురుకు పట్టి చూడండి. లోపలి వంతెన వంటి తీగ సన్నగా తెగి, ప్లాస్టిక్ తెల్లగానే ఉంటే, చాలాసేపు కొంచెం ఎక్కువ కరెంటు మోసి అలసి పోయినదన్న మాట. పంపు బరువుగా తిరుగుతున్నది, లేక ఫిల్టరు మూసుకున్నది. అట్లా కాకుండా లోపలంతా నల్లగా మాడి, చుక్కలు చిమ్మినట్లుంటే, ఎక్కడో వైరు నేరుగా బాడీకి తగిలింది. ఒకదానికి పంపును చూడాలి, ఇంకొకదానికి వైరును చూడాలి. ఎంత పెద్ద మేస్త్రి దగ్గరకు వెళ్లినా ఆయన మొదట అడగవలసింది ఆ చచ్చిన ఫ్యూజునే. కాగితంలో చుట్టి జేబులో పెట్టుకోండి.

కొన్నిసార్లు తీగ తెగినట్లు కంటికి కనపడదు. దీనికి టెస్టు లాంపు కావాలి. ఒక చిన్న 12 వోల్టుల బల్బు, రెండు వైర్లు, ఒక మొన, ఒక క్లిప్పు. పెద్ద లారీలకు 24 వోల్టుల బల్బు. క్లిప్పును రంగు లేని ఇనుప భాగానికి తగిలించి, తాళంచెవి తిప్పి, మొనను ఫ్యూజు వీపు మీద కనిపించే రెండు చుక్కలకు ఒకదాని తరువాత ఒకటి తాకించండి. రెండింటికీ వెలిగితే ఫ్యూజు బాగుంది. ఒకదానికే వెలిగితే ఫ్యూజు పోయింది. రెండింటికీ వెలగకపోతే ఫ్యూజు దాకా కరెంటే రావడం లేదు. తప్పు ఇంకా వెనుక, స్విచ్చిలోనో రిలేలోనో ఉన్నది. పెట్రోలు బండ్లలో పంపుకు రెండు సెకన్లే కరెంటు అందుతుంది కాబట్టి ఒకరు తాళం తిప్పుతుంటే ఇంకొకరు చూడాలి. రిలే అనుమానమైతే, అదే పెట్టెలో అదే నంబరు ఉన్న హారన్ రిలేను తీసి దాని స్థానంలో పెట్టి చూడవచ్చు.

పాత బండ్లలో పింగాణీ ఫ్యూజులు ఉంటాయి, చిన్న గోళీమందు ఆకారంలో, రెండు కొనలు మొనదేలి. వీటితో ఒక చిక్కు ఉన్నది. కొనల దగ్గర చిలుము పట్టి, ఫ్యూజు బాగానే ఉన్నా కరెంటు పోదు. ఎమరీ కాగితంతో రెండు గీతలు గీసి, వేలితో ఒక చుట్టు తిప్పితే బండి కదులుతుంది. కొత్తది కొనవలసిన పనే లేదు.

ఇంకొక చిక్కు రంగులది. ఇది తప్పక రాసుకోండి. పింగాణీ ఫ్యూజులలో పసుపు 5 ఆంపియర్లు, తెలుపు 8, ఎరుపు 16, నీలం 25. ఇప్పటి బల్లపరుపు ప్లాస్టిక్ ఫ్యూజులలో ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగు లేనిది 25, ఆకుపచ్చ 30. రెండు లెక్కలూ వేరు. పాత బండికి అలవాటుపడిన మనిషి "పసుపుది చిన్నది" అనుకొని కొత్త బండిలో పెడితే 20 ఆంపియర్లది పెట్టినట్లు. రంగును నమ్మవద్దు, దాని మీద అచ్చు వేసిన అంకె చదవండి. కళ్లద్దాలు ఇంట్లో మరచిపోయి వచ్చిన పెద్దలు పక్కనున్న పిల్లవానిచేత చదివించండి. అందులో సిగ్గుపడవలసింది ఏమీ లేదు.

సరే, అదే అంకె ఉన్న కొత్త ఫ్యూజు పెట్టారు. బండి స్టార్టు అయింది. నెమ్మదిగా కేంద్రం దాకా వెళ్లండి, పాలు దింపండి, తరువాత మేస్త్రికి చూపించండి. రెండవ ఫ్యూజు కూడా పోయిందనుకోండి. అక్కడ ఆగాలి. మూడవది పెట్టకూడదు. ఇక్కడే మనవాళ్లు వైరు ముక్క తీస్తారు.

ఈ మార్గంలో తిరిగే ఒక బండి ఫ్యూజు పెట్టెను నేనే తెరిచి చూశాను. పంపు ఫ్యూజు కాళ్లకు రాగితీగ చుట్టి ఉన్నది. ఒక్క పోగు కాదు, అయిదారు పోగులు మెలిపెట్టి చుట్టారు. పైన సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం. డ్రైవరును అడిగితే, "నాలుగు నెలల నుంచి అట్లనే నడుస్తున్నది సారూ, ఏం కాలే" అన్నాడు. ఏమీ కాకపోవడానికి కారణం ఏమిటంటే ఆ నాలుగు నెలలూ వైరు ఎక్కడా పూర్తిగా బాడీకి తగలలేదు. అంతే.

దాని వెనుక లెక్క చెప్తాను. పెట్రోలు బండి పంపు తిరగడానికి సుమారు 4 నుండి 7 ఆంపియర్లు చాలు. ఆ వైరు మందం, దానికి పెట్టిన 15 ఆంపియర్ల ఫ్యూజు, రెండూ ఒకదానికొకటి జోడీగా లెక్కవేసి పెట్టినవి. ఫ్యూజు ఉన్నది పంపును కాపాడడానికి అని చాలామంది అనుకుంటారు. అది కాపాడేది వైరును. కరెంటు రెండింతలైతే వైరులో పుట్టే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. 15 స్థానంలో 30 పెడితే వైరు నాలుగింతల వేడిని మోసిన తరువాత గాని ఫ్యూజుకు మెలకువ రాదు. మెలిపెట్టిన అయిదారు పోగుల రాగితీగ 30 ఆంపియర్లకు కూడా కరగకపోవచ్చు. బ్యాటరీ మాత్రం షార్టు అయినప్పుడు వందల ఆంపియర్లు ఇవ్వగలదు. అప్పుడు కరిగేది తీగ కాదు, డ్యాష్‌బోర్డు వెనుకనుండి చాసిస్ వెంట ట్యాంకు దాకా పోయిన వైరు. దాని పైపొర మండుతుంది. అది చేరే చోటు ట్యాంకు మూత. పెట్రోలు ట్యాంకు దగ్గర నిప్పు రాజేయడానికి ఇంతకంటే తిన్ననైన దారి లేదు. ఆ బండిలో ముందు డ్రైవరు ఉంటాడు, పక్కన క్లీనరు ఉంటాడు, తరచుగా పట్నం ఆసుపత్రికి పోయే ఊరివారు ఒకరిద్దరు కూడా కూర్చొని ఉంటారు.

ఈ సంగతి డ్రైవర్లకు తెలియదా? తెలుసు. తీగ చుట్టిన ప్రతి డ్రైవరుకూ తెలుసు. తెలిసి ఎందుకు చుట్టాడు? కార్యదర్శులూ, ఇక్కడ మీరు వినాలి.

చాలా చోట్ల బండి ఆలస్యమై పాలు పులిస్తే ఆ సొమ్ము బండి కిరాయిలో పట్టుకుంటారు. 800 లీటర్ల నష్టం ఒక కిరాయి బండివాడు ఎట్లా భరించగలడు? రోడ్డు పక్కన నిలిచి, ఒకవైపు గడియారం, ఒకవైపు క్యాన్లు, ఇంకొకవైపు ఫోనులో కేంద్రంవారు. చేతిలో వైరు ముక్క. ఆ మనిషి మీరయినా నేనయినా ఏమి చేస్తాము? అతని చేత తీగ చుట్టించింది మన కోత. అది అతని మొండితనం అని నేను అనలేను.

కావున నా సూచన ఇది. పాలకవర్గం సమావేశంలో ఒక తీర్మానం చేయండి. బండి ఆగిన పదిహేను నిమిషాలలోపు ఫోను చేసి చెప్పిన డ్రైవరు కిరాయిలో పులిసిన పాల సొమ్ము కోయకూడదు. ఫ్యూజుకు తీగ చుట్టినట్లు కనబడిన బండిని, ఆ రోజు సమయానికి వచ్చినా సరే, బాగుచేయించేదాకా మార్గంలో పెట్టకూడదు. రెండూ కలిసి ఉండాలి. మొదటిది లేకుండా రెండవది పెడితే తీగను ఇంకా లోపల దాస్తారు.

కొందరు అధ్యక్షులు నాతో ఏకీభవించరని తెలుసు. "అట్లా అయితే ప్రతివాడూ బండి ఆగిందనే చెప్తాడు, పూటుగా నిద్రపోయి వస్తాడు" అంటారు. అటువంటివాడు ఒకడు ఉండవచ్చు. చచ్చిన ఫ్యూజును చూపించమనండి. నల్లగా మాడిన ఫ్యూజును ఎవరూ పొలంలో పండించలేరు.

తీర్మానంతోపాటు, బండి ఆగితే పాలు ఎట్లా పోవాలో ముందే అనుకొని ఉండాలి. మార్గంలో ఉన్న సంఘాలు తమలో తాము మాట్లాడుకొని, ఏ ఊరిలో ట్రాలీ ఆటో ఉన్నది, ఎవరి ట్రాక్టరు పొద్దున ఖాళీగా ఉంటుంది, ఆ ఫోను నంబర్లు బండిలో మూత వెనుక అంటించండి. కనకమామిడి దగ్గర ఆగితే ఎవరిని పిలవాలి, తోలుకట్ట దగ్గర ఆగితే ఎవరిని పిలవాలి. ఈ ప్రాంతంలో తెల్లవారుజామున కూరగాయలు, పూలు తీసుకొని పట్నం పోయే బండ్లు ఎన్నో. తిరుగు బండి ఖాళీగా వస్తుంది. కిరాయి ముందే మాట్లాడుకుంటే ఎవరూ కాదనరు. పాలకు వేరే దారి ఉన్నదని తెలిస్తే డ్రైవరు చేతిలోని వైరు ముక్క దానంతట అదే కింద పడుతుంది.

బండి ఆగినప్పుడు రోడ్డు సంగతి కూడా ఒక మాట. చేవెళ్ల రోడ్డు మీకు నాకంటే ఎక్కువ తెలుసు. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు, ఆర్టీసీ బస్సు ఢీకొన్న ప్రమాదం ఎన్ని ఇండ్లకు దుఃఖం మిగిల్చిందో ఈ సభలో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. అంత రద్దీ ఉన్న రోడ్డు మీద, మలుపులో, బండి ఆపి బానెట్ ఎత్తి తల లోపల పెట్టవద్దు. ఇంజను ఆగిన తరువాత కూడా ఊపు కొంత ఉంటుంది. ఆ ఊపులోనే పక్కకు దింపండి. కాకపోతే గేరు తీసి, నలుగురు కలిసి నెట్టండి. ఎర్ర త్రికోణం పలకను బండికి బాగా వెనుక, దూరం నుంచే కనిపించేటట్లు నిలపండి. పలక లేకపోతే చెట్టు కొమ్మ అయినా పెట్టండి. పాలను నీడకు చేర్చండి. ఈ దారి వెంట మర్రిచెట్లు పెట్టినవారెవరో గాని, ఎండాకాలంలో పాలబండికి వాటికంటే మేలు చేసినవారు లేరు. క్యాన్ల మీద తడి గోనెసంచులు కప్పి, నీళ్లు చల్లుతూ ఉండండి. గాలికి ఆ తడి ఆరేటప్పుడు క్యాను వేడిని కొంత తీసుకుపోతుంది. మూతలు మాత్రం తీయకండి.

సోడా మాట ఎత్తకండి. పులిసే పాలలో చిటికెడు సోడా వేస్తే కేంద్రంలో దాటిపోవచ్చని చెప్పేవారు ప్రతి ఊరిలో ఒకరు ఉంటారు. అది కల్తీ. చట్టప్రకారం నేరం. పట్టుబడేది ఒక క్యాను కాదు, మొత్తం సంఘం పేరు.

ఇప్పుడు, ఫ్యూజు అసలు ఎందుకు పోతుంది? ఇతర లారీలకు ఉండే కారణాలు మనకూ ఉన్నాయి. పాలబండికి ప్రత్యేకంగా మూడు ఉన్నాయి. మొదటిది నీరు. క్యాన్లలోనుండి ఒలికిన పాలు, కడిగిన నీళ్లు, సోడాపొడి నీళ్లు బండి అడుగు చెక్కల సందులనుండి కింద వైర్ల మీద పడతాయి. పాలు పులిసి ఆమ్లమగును. ట్యాంకు దగ్గరి కనెక్టరు లోపల ఆకుపచ్చ చిలుము పట్టేది ఇందువల్లనే. బండి కడిగినప్పుడు పైన తళతళలాడాలని చూస్తారు గాని, కింద పండుకొని ఆ కనెక్టరును ఒకసారి చూసేవారు తక్కువ. నెలకొకసారి విప్పి, పొడిగా తుడిచి, కొంచెం గ్రీజు రాయండి. అడుగున వైర్లు ఇనుప అంచులకు రాసుకునేచోట పాత ట్యూబు ముక్క చుట్టి కట్టండి. గుంతల రోడ్డులో ఆ అంచు రంపం వలె పనిచేస్తుంది.

రెండవది ఎలుకలు. దాణా బస్తాలు ఉన్న కొట్టం పక్కనే బండి నిలుపుతారు. దాణా కోసం వచ్చిన ఎలుక వెచ్చగా ఉంటుందని ఇంజనులోకి దూరి వైరు కొరుకుతుంది. రాత్రి బండిని దాణా గదికి దూరంగా నిలపడం ఖర్చులేని మందు.

మూడవది మన అతి తెలివి. పాల పరీక్ష యంత్రానికి 12 వోల్టులు కావాలి, ఊరిలో కరెంటు లేదు. బండి ఫ్యూజు పెట్టెలో దొరికిన కాలికి వైరు చుట్టి తీసుకుంటారు. ఆ పక్కనే సెల్‌ఫోను చార్జరు, పాటల డబ్బా, తూకం దగ్గర వెలుతురు కోసం ఒక దీపం. అన్నీ ఆ పంపు ఫ్యూజు మీదనే. 15 ఆంపియర్లలో పంపుకు పోగా మిగిలింది ఎంత? పరీక్ష యంత్రానికి బ్యాటరీ నుండే వేరుగా, దానికి సొంత ఫ్యూజు పెట్టి, ఒక లైను లాగించండి. వైరింగు మేస్త్రికి అది గంట పని.

ఇవేవీ కాకపోతే పంపే అలసిపోయినదని. ట్యాంకులో పెట్రోలు ఎప్పుడూ అడుగంటి ఉంటే పంపు వేడెక్కుతుంది. దానిని చల్లబరిచేది ఆ పెట్రోలే. వంద రూపాయలకు, నూరు యాభై రూపాయలకు పోయించుకుంటూ నడిపే బండ్లలో పంపు తొందరగా పోవడం ఇందుకే. పావు ట్యాంకుకు తగ్గనివ్వకండి. ఫిల్టరును కంపెనీవారు చెప్పిన గడువుకు మార్చండి.

మేస్త్రిలకు ఒక ఉపాయం చెప్పి ముగిస్తాను. షార్టు ఎక్కడున్నదో వెతకడానికి ఫ్యూజు మీద ఫ్యూజు కాల్చవద్దు. ఫ్యూజు స్థానంలో రెండు కాళ్లకు ఒక పాత హెడ్‌లైటు బల్బు తగిలించండి. 12 వోల్టులలో 55 వాట్ల బల్బు 5 ఆంపియర్లకు మించి పోనివ్వదు కాబట్టి వైరు మాడదు. షార్టు ఉంటే బల్బు నిండుగా వెలుగుతుంది. అప్పుడు వెనుక పంపు కనెక్టరును విప్పండి. బల్బు ఆరితే తప్పు పంపులోనే ఉన్నది. ఆరకపోతే వైరులో ఉన్నది. వైరును అక్కడక్కడ కదిలిస్తూ వస్తే బల్బు ఎక్కడ మినుకుమన్నదో అక్కడే తెగిన పొర దొరుకుతుంది. పెట్రోలు కారుతున్న బండి మీద మాత్రం ఈ పరీక్ష చేయకూడదు.

సభలో కొన్ని ప్రశ్నలు అడిగారు. రెండింటికి ఇక్కడ జవాబు ఇస్తున్నాను.

గ్యాసు బండికి పెట్రోలు పంపుతో ఏమి పని అని ఒక సోదరుడు అడిగాడు. చాలా బండ్లు పెట్రోలు మీదనే స్టార్టు అయి తరువాత గ్యాసుకు మారుతాయి. నెలల తరబడి ట్యాంకులో చుక్క పెట్రోలు లేకుండా నడిపితే పంపు ఎండి బిగుసుకుపోతుంది, బిగుసుకున్న పంపు ఫ్యూజును కొట్టేస్తుంది. కాబట్టి గ్యాసు బండిలో కూడా కొంత పెట్రోలు ఉంచి, అప్పుడప్పుడు దాని మీద నడపండి.

బండిలో స్పేరు ఫ్యూజు లేనప్పుడు వేరే ఫ్యూజు తీసి పెట్టవచ్చునా అని ఇంకొకరు అడిగారు. పెట్టవచ్చు, అంకె ఒకటే అయితే. పాటల డబ్బాది, చార్జరుది తీయండి. హారన్‌ది, బ్రేకు దీపాలది, హెడ్‌లైటుది ముట్టుకోవద్దు. ఎండాకాలమైతే వైపరుది కూడా తీయవచ్చు. వానాకాలంలో దానిని అట్లానే ఉంచండి.